షోకేసులో ఖాళీ గిన్నెలు

ఆ రోజుల్లో ఒక సంసారం సంగతి తెలుసుకోవాలంటే వంటింటిదాకా వెళ్లక్కర్లేదు, ముందుగదిలో అద్దాల షోకేసు చూస్తే సరిపోయేది. విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాయి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి రైలు దిగిన ప్రతి కొత్త జంటా గ్యాసు కోసం దరఖాస్తు పెట్టేలోపే వడ్రంగిని పిలిచి షోకేసుకి కొలతలు ఇచ్చేసేది. పై అరలో ఏటికొప్పాక లక్క బొమ్మలు, మధ్య అరలో ప్లాస్టిక్ గులాబీలు, కింది అరలో బీచిలో కొన్న గవ్వల తాబేలు, దాని పక్కన ఓడలో పనిచేసే బంధువెవరో ఇచ్చిన ఫారిన్ సబ్బు, పెట్టెతో సహా. (ఆ సబ్బు విప్పి ఒళ్లు రుద్దుకున్న మనిషిని నేను చూడలేదు. లోపల సబ్బు ఎండి బీటలు వారినా పెట్టె మాత్రం కొత్త పెళ్లికూతురిలా నిలబడే ఉండేది.) నేనూ ఒక షోకేసు పెట్టాను. అది మూడు నెలల్లో నా చేత ఎన్ని వేషాలు వేయించిందో చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ సిగ్గుగా ఉండేది. సిగ్గుకి కూడా వయసు మళ్లుతుంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

మాది వన్ టౌన్లో ఇత్తడి సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు అని అందరూ అనేవారు గానీ నిజానికి ముందు కొట్టు, వెనక కొట్లో పట్టని సరుకు, ఆ సరుకు సందుల్లో మేమూ. బిందెల వరసల మధ్య పాకడం నేర్చుకున్నాను, బోర్లించిన గంగాళం మీద కూర్చుని ఎక్కాలు వల్లించాను. అప్పట్లో జనానికి స్టీలు మోజు పట్టుకుంది. అమ్మమ్మల నాటి ఇత్తడీ కంచూ మూటలు కట్టి తెచ్చి కాటాలో పడేసి, బదులుగా తళతళలాడే స్టీలు గిన్నెలు పట్టుకెళ్లేవారు. ఆ పాత సామానంతా కరిగించేవాళ్లకి వెళ్లిపోయేది. ఏడో తరగతికే నేను గిన్నెని వేలి కణుపుతో కొట్టి మోత విని కంచు మంచిదో కాదో చెప్పేసేదాన్ని, చేత్తో ఎత్తి పావు కిలో తేడా లేకుండా బరువు చెప్పేదాన్ని. (లెక్కల మాస్టారికి ఈ విద్యలు అక్కర్లేకపోయాయి.) మా నాన్నకి వ్యాపారంలో రెండే నియమాలు. ధర అడిగిన మనిషికి ధర చెప్పకుండా ఉండకూడదు. పొద్దున్నే మొదటి బేరానికి, అంటే బోణీకి, వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. నష్టమొచ్చినా సరే, ఇచ్చి పంపాలి, లేకపోతే ఆ రోజు కొట్టు మీద ఈగ కూడా వాలదని ఆయన నమ్మకం. మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం ఎప్పుడైనా మరిచిపోయేవాళ్లం గానీ ఈ రెండూ ఎన్నడూ తప్పలేదు.

అలాంటి ఇంటి నుంచి నన్ను పోర్టులో గుమాస్తాగా పనిచేసే గోదావరి జిల్లా కుర్రాడికిచ్చి చేశారు. నెమ్మదస్తుడు. ధర అడగకుండా కూరగాయలు సంచిలో వేయించుకునే రకం. పెళ్లి ఆనందంగానే జరిగింది, ఒక్క మాట తప్ప. పెళ్లి భోజనాల వేళ విడిదింటి వెనక నేను చేతులు కడుక్కుంటుంటే, అత్తయ్యగారు పక్క గదిలో ఎవరితోనో అంటున్నారు. "పిల్ల చురుకైందేనండి. కొట్టోళ్ల పిల్ల కదా మరి, ఇల్లు సర్దుద్దో సరుకు సర్దుద్దో చూడాలి." అందులో ద్వేషం లేదు. వానొస్తుందో రాదో చూడాలన్నట్టు మామూలుగా అన్నారు. అందుకే అది నాకు లోపలికి దిగింది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనుకుని మరిచిపోయేదాన్ని. క్వార్టర్లు వచ్చి మేం కాపురం పెట్టగానే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కొబ్బరి దింపులయ్యాక మాఘమాసంలో ఒకసారి వచ్చి మీ ఇల్లు చూసి వెళ్తానని. ఆ ఉత్తరం చదివాక నాకు కనిపించిన దారి ఒక్కటే. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా ముందుగది చూసి, ఇది ఇల్లు అనాలి. ఎవరో అనమంటే కాదు, తనంతట తాను అనాలి. మా ఆయనకి ఈ విషయం చెప్పలేదు. ఆయన మాత్రం ఏదో పసిగట్టినట్టు, "నీకు నచ్చినట్టు సర్దుకో. కాపోతే ఒక్కటే, కొట్టులా ఉండకూడదు," అన్నారు.

నా షోకేసులో ప్లాస్టిక్ గులాబీలు ఉండకూడదని మొదటి రోజే తీర్మానించుకున్నాను. అందరిళ్లలో ఉన్నవే నా ఇంట్లోనూ ఉంటే, ఇన్నేళ్లు కొట్లో పెరిగి నేను నేర్చుకున్నదేమిటి? పాత గిన్నెలూ కొత్త గిన్నెలూ కలిపి పెట్టాలనుకున్నాను. పాతవాటికి మా నాన్న కొట్టే గతి. కరిగించడానికి వేరు చేసిన కుప్పలో తామరరేకుల అంచున్న కంచు గిన్నె ఒకటి, పొడుగు మెడ పన్నీరుబుడ్డి ఒకటి నా కంట పడ్డాయి. పొద్దున్నే తాళం తీసి కర్పూరం వెలిగిస్తుండగా వెళ్లి నిలబడ్డాను. "ఏటి పాపా, పుట్టింట్లోనే బోణీ బేరమేటి?" అన్నాడు మా నాన్న. "మరేటి సెయ్యమంతావు? బోణీ దాటితే నువ్వు నా మాట ఇనవు కదా," అన్నాను. ఆయన రెండూ కాటాలో పెట్టి, డబ్బు తీసుకుని మరీ ఇచ్చాడు. తూకంలో కూతురేటి, కోడలేటి అని ఆయన సిద్ధాంతం. ఇచ్చాక చింతపండూ బూడిదా ఎలా కలిపి తోమాలో కూడా చెప్పాడు, నాకు తెలియనట్టు.

కొత్తవాటికి హార్బరు వైపు సందులో ఒక ఫారిన్ సరుకు ఆయన ఉండేవాడు. అందరూ సింగపూర్ బాబాయి అనేవారు. (ఆయన భీమిలి దాటి ఎరగడు.) అక్కడ పింగాణీ గిన్నె ఒకటి చూశాను. తెల్లటి ఒంటి మీద నీలంరంగు పాములాంటి జంతువు చుట్టుకుని, పైన బుడిపె ఉన్న మూతతో, మహా దర్జాగా ఉంది. నచ్చిన వస్తువు వైపు చూడకూడదన్నది బేరంలో మొదటి పాఠం. అందుకని నాకక్కర్లేని నాలుగింటికి ధరలడిగి, నాలుగింటికీ వంకలు పెట్టి, వెళ్లిపోతూ వెళ్లిపోతూ, పోనీ ఇదెంత, ఉప్పు పోసుకోడానికి అన్నాను. "ఉప్పుకేటమ్మా, సైనా రాజులు తిన్న గిన్ని అది," అన్నాడాయన నొచ్చుకుంటూ. "అలగైతే ఎంగిలి గిన్నన్నమాట. ఎంగిలి గిన్నికి అంత ధరేటి బాబాయ్?" అన్నాను. ఆయన కాసేపు నన్నూ గిన్నెనీ మార్చి మార్చి చూసి, మీ నాన్న ఫలానా కొట్టాయన కాదు కదా అని అడిగాడు. అవునన్నాను. నిట్టూర్చి, అడిగిన ధరకి మూడోవంతుకి ఇచ్చి, మళ్లీ రావద్దన్నాడు. మళ్లీ పదిసార్లు వెళ్లాను. ఏటికొప్పాక లక్క గిన్నెలు ఎలమంచిలి నుంచి తట్టలో తెచ్చి అమ్మే ముసలమ్మ దగ్గర కొన్నాను. పసుపూ ఎరుపూ చారలతో పళ్లలా మెరిసేవి.

నెల తిరిగేసరికి షోకేసు నిండింది. నేను పెద్ద నుంచి చిన్నకి వరసగా, మూతులన్నీ గుమ్మం వైపుకి, ఒకదానికొకటి నాలుగు వేళ్ల ఎడంతో సర్దాను. ప్రతి పొద్దున్నా ఎర్రగుడ్డతో తుడిచి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చూసుకునేదాన్ని. లోకంలో వస్తువుల్ని ఇంకో రకంగా కూడా పెట్టవచ్చని నాకు నిజంగా తెలియదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, షోకేసు వంక చాలాసేపు చూశారు. తర్వాత చాలా మర్యాదగా, "తూకం రాళ్లు ఎక్కడ పెట్టావు?" అని అడిగారు. ఆ రాత్రి భోజనంలోకి ఆయనకి పచ్చడి వేయలేదు.

ముప్పు మర్నాడు పొద్దున్నే వచ్చింది, పాలకోసం. ఎదురు వాటాలో టీచరమ్మగారు ఉండేవారు. కాన్వెంటు స్కూల్లో చదువు చెప్పే క్రిస్టియన్ టీచరు, ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ గొంతు బొంగురుగానే ఉండేది. పాలు విరిగిపోయాయి, ఓ గ్లాసుడు ఇవ్వమంటూ వచ్చి, షోకేసు చూసి ఆగిపోయారు. తామరరేకుల కంచు గిన్నె చూపించి, "చాలా బావుందమ్మా, ఎంత?" అన్నారు. ఏ ఇంట్లోనైనా ఏ ఆడమనిషైనా అడిగే మాట అది. ఎంత పెట్టి కొన్నావని అర్థం. దానికి జవాబు, మా నాన్న ఇచ్చాడండి అని. కానీ పొద్దున్న ఏడు గంటలు, నేను షోకేసు ముందు పీట మీద కూర్చుని ఉన్నాను, చేతిలో ఎర్రగుడ్డ ఉంది, ఎదురుగా నిలబడ్డ మనిషి ధర అడిగింది. నా నోరు నన్నడగలేదు. కొన్న ధర మీద కొంత వేసి టక్కున చెప్పేసింది. టీచరమ్మగారు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మొహం వికసించి, "ఇస్తావా ఏంటి నిజంగా? కొంచెం తగ్గించరాదూ," అన్నారు. ఇక ఆ తర్వాత జరిగిందానికి నేను బాధ్యురాలిని కాను. బోణీ. కాగితంలో చుట్టి, రెండు చేతులతో కళ్లకద్దుకుని మరీ ఇచ్చాను. ఆవిడ పాలగ్లాసు మరిచిపోయి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన షోకేసులో ఖాళీ చూసి, నిన్నటి గిన్నె ఏదని అడిగారు. వెళ్లిపోయిందన్నాను. ఎక్కడికన్నారు. ఎదురు వాటాకన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ ఆలోచించి, మళ్లీ వస్తుందా అని మాత్రం అడిగారు. రాదని చెప్పి, దాని మీద మిగిలినదానితో అంతకంటే మంచిది తెస్తానని ధైర్యం చెప్పాను. తెచ్చాను కూడా. అదీ వారం తిరక్కుండా పక్క వాటాకి వెళ్లిపోయింది. క్వార్టర్లలో మాట పాకడానికి ఎంతసేపు. అందులోనూ మాఘమాసం ముందు, పెళ్లిళ్లకి ఏం పట్టుకెళ్లాలా అని అందరూ తలలు పట్టుకునే రోజులు. రైలు దిగిన కొత్త సంసారాలు షోకేసు చేయించుకుని అందులో పెట్టడానికేమీ లేక బెంగపడే రోజులు. పొద్దున్నే ఒకరు రావడం, చల్లకో కరివేపాకుకో అన్నట్టు మొదలుపెట్టి, కళ్లు షోకేసు వైపు తిప్పి, ఎంతమ్మాయీ అనడం. ప్రతిసారీ ఇదే ఆఖరిదని నాకు నేను ఒట్టు పెట్టుకునేదాన్ని. ప్రతిసారీ మరీ పొద్దున్నే వచ్చేవారు. పైగా అమ్మి ఊరుకునే రకం కాదు నేను. పది రోజులకోసారి వాళ్లిళ్లకి వెళ్లి, గిన్నె చిలుము పట్టిందేమో చూసి, చింతపండు అడిగి పుచ్చుకుని నేనే తోమి పెట్టి వచ్చేదాన్ని. కొట్టుకి మంచి పేరు రావాలి కదా. (కొట్టు కాదు, ఇల్లు. అప్పుడు కూడా ఇలాగే నాలుక కరుచుకునేదాన్ని.)

అత్తయ్యగారి రెండో ఉత్తరం ఒక శనివారం సాయంత్రం చేతికందింది. అందులో ఆవిడ ఆదివారం పొద్దున్న ప్యాసింజర్లో దిగుతున్నట్టు రాశారు. అంటే తెల్లవారితే. నేను తలెత్తి షోకేసు చూశాను. పన్నీరుబుడ్డి ఒక్కటి, అది కూడా మెడ దగ్గర చిన్న సొట్ట ఉంది కాబట్టి మిగిలింది. మిగతా అరలన్నీ ఖాళీ. ఆ వారమే మా నాన్న పాత సామాను కరిగించడానికి పంపేశాడు, ఆదివారం వన్ టౌన్లో కొట్లు తీయరు, సింగపూర్ బాబాయి కూతురి పెళ్లికి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆవిడ మాట అబద్ధం చేద్దామని కష్టపడి, సరిగ్గా ఆవిడ వచ్చే వేళకి నిజం చేసి కూర్చున్నాను. మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "ఒకటి చెప్పనా, అమ్మేసింది నువ్వు కదా. వాళ్లని అడిగి చూడు. మహా అయితే ఇవ్వం అంటారు," అన్నారు. అమ్మిన సరుకు తిరిగి అడగడమా? మా వంశంలో లేదు. అయినా వెళ్లాను.

ఎదురు వాటా గుమ్మంలో నిలబడి, తల దించుకుని, మూడు రోజులకి గిన్నె అరువివ్వమని అడిగి, కారణం కూడా చెప్పేశాను. టీచరమ్మగారు నవ్వలేదు. "పొద్దున్న నేను చర్చికి వెళ్లే ముందు తెచ్చిస్తాను. మిగతావాళ్లకి కూడా నేనే చెప్తాన్లే, నువ్వు వెళ్లి ఇల్లు తుడుచుకో," అన్నారు, క్లాసులో పిల్లని కూర్చోమన్నట్టు. పక్క వాటాలో క్రేన్ ఆపరేటరు గారి భార్య లక్క గిన్నె తెస్తానంది. పై అంతస్తులో సరంగు తాతగారని ఉండేవారు. పోర్టులో ఓడల్ని లాగే టగ్గుల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన. చైనా పింగాణీ గిన్నె వాళ్లింటికే వెళ్లింది. ఆయన కోడలు మెట్ల మీంచే, "దానికేటమ్మా, తెచ్చెత్తాను. మీ అత్తగోరికి నానేటీ సెప్పనులే," అని మాటిచ్చింది.

ఆదివారం పొద్దున్న మా ఆయన స్టేషనుకి వెళ్లారు. నేను గుమ్మం కడిగి ముగ్గు పెట్టి కాసుకుని ఉన్నాను. ఒక్కరూ రారు. రిక్షా గంట వినపడిన తర్వాత, మూడు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. చర్చికి ఆలస్యమైన టీచరమ్మగారు, చంటిదాన్ని చంకనేసుకున్న క్రేన్ ఆపరేటరు గారి భార్య, మెట్లు దిగుతూ సరంగుగారి కోడలు, ముగ్గురూ మా ముందుగదిలోకి దూరి, చేతికందిన అరలో చేతిలో ఉన్నది పెట్టేసి, వెనకవైపు తలుపులోంచి వెళ్లిపోయారు. మరో ఇద్దరు కూడా వచ్చినట్టున్నారు, నేను చూడలేదు, రిక్షా దగ్గర అత్తయ్యగారి కాళ్లకి దణ్ణం పెడుతున్నాను. ఆవిడ కొబ్బరికాయల బస్తా దింపించి, రిక్షావాడితో ఒక పావలా దగ్గర కాసేపు వాదించి గెలిచి, లోపలికి వచ్చారు. షోకేసు నిండుగా ఉంది. వరస లేదు. పెద్దది చిన్నదాని పక్కన, లక్కది కంచుదాని మీద వాలి, ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు తిరిగి. నా చేతులు సర్దడానికి దురద పెట్టాయి గానీ ఆవిడ అప్పటికే అద్దం తలుపు జరిపారు.

ముందు లక్క గిన్నె అందుకున్నారు. అందులో పిన్నీసులు, రెండు చొక్కా బొత్తాలు, వాటి మధ్య పసిపిల్లల వెండి మువ్వల జత. కంగారులో ఎవరూ గిన్నెల్లో ఉన్నవి తీయలేదని నాకప్పుడు అర్థమైంది. కొట్లో పెరిగినదాన్ని, గిన్నెలో ఏదైనా ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. అత్తయ్యగారు మువ్వలు చేతిలోకి తీసుకుని, మా ఆయన వంక చూసి, నా వంక చూసి, మెత్తగా, "ఏమ్మా, ఏదైనా విశేషమా? మాకు రాయలేదేంటి?" అన్నారు. మా ఆయన మంచినీళ్లు తాగుతూ పొలమారారు. నేను లేదండి అన్నానో, అవునండి అన్నానో తెలియదు, ఆవిడ మాత్రం సంతోషంగా తల ఊపి, కంచు గిన్నె వైపు తిరిగారు. అందులో ఒక ఎర్ర పెన్సిలు, సుద్దముక్కలు, చిన్న సిలువ వేలాడే జపమాల. ఆవిడ జపమాలని భక్తిగానే అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎప్పట్నుంచి?" అన్నారు కొడుకుతో. ఆయన కొబ్బరికాయల బస్తా వంటింట్లోకి లాక్కెళ్లిపోయారు, అంత బరువు ఆయన ఎత్తగలరని నాకు అప్పటిదాకా తెలియదు. మూడోది నీలం జంతువున్న మూత గిన్నె. ఆవిడ బుడిపె పట్టుకుని మూత ఎత్తారు. నీళ్లలో, చక్కగా, పైవరసా కిందివరసా కలిసి, ఒక పూర్తి పళ్ల సెట్టు.

ఆవిడ మూత మళ్లీ పెట్టేశారు. చాలా నెమ్మదిగా పెట్టారు, లోపలున్నవాళ్లు నిద్రలేస్తారేమో అన్నట్టు. నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోగా, వీధి గుమ్మంలో దగ్గు వినపడింది. సరంగు తాతగారు. ఇస్త్రీ చొక్కా, పంచె, అరచెయ్యి నోటికి అడ్డం. "అమ్మాయీ, మా కోడలు నా పళ్లు ఇక్కడెట్టీసిందట. ఇడ్లీలు సల్లారిపోతన్నాయి," అన్నారు. అత్తయ్యగారు ఆ గిన్నెని రెండు చేతులతో ఎత్తి, తాంబూలం ఇచ్చినట్టు ఆయనకి అందించారు. "తీసుకోండి బాబాయిగారు. ముట్టుకోలేదండి, చూశానంతే," అన్నారు. ఆయన వెళ్లాక తలుపు దగ్గరగా వేసి, నా వైపు తిరిగారు. ఆవిడ మొహంలో నవ్వుందో కోపముందో నాకు కనపడలేదు, ఎందుకంటే అప్పటికే నా కళ్లు నిండిపోయాయి. అబద్ధం చెప్పడానికి చాలా దారులున్నాయి, బేరంలో రోజూ చెప్పేవే. ఒక్కటీ నోటికి రాలేదు. "అత్తయ్యగారండి, ఇవేవీ మనవి కావండి. అన్నీ అమ్మేశాను. మీరొస్తున్నారని అడిగి తెచ్చాను," అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. నన్ను ఎదురుగా కూర్చోమన్నారు. మొదట్నుంచీ చెప్పమన్నారు. చెప్పాను, విడిదింటి వెనక విన్న మాటతో సహా. అది విన్నప్పుడు మాత్రం ఆవిడ కొంగు అంచు సవరించుకుంటూ నేల చూశారు. మిగతాదంతా బోణీలూ బేరాలూ కాబట్టి కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. అంతా అయ్యాక, "ఆ మూత గిన్నె ఎంతకిచ్చావు?" అన్నారు. చెప్పాను. ఆవిడ నొసలు చిట్లించారు. "మరీ చవగ్గా ఇచ్చేశావే. దింపుల రోజున కాయలు కొనేవోళ్లు మా అరుగు మీద కూర్చుంటారు. నేనైతే ముందు ధర చెప్పను. ఆళ్ల చేతే చెప్పిస్తాను." అని, ఇంక ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టారు. పళ్ల సెట్టు గుర్తొచ్చినప్పుడల్లా ఆగి ఆగి మళ్లీ నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు, దగ్గారు, చెయ్యి చాచి నా మోకాలు పట్టుకున్నారు. మా ఆయన వంటింటి తలుపు సందులోంచి తొంగి చూసి, మేమిద్దరం నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తేల్చుకోలేక మళ్లీ కొబ్బరికాయల దగ్గరికి పోయారు.

భోజనాలయ్యాక ఆవిడే లేచి, పదమ్మా, ఎవరి సామాను వాళ్లకి ఇచ్చి వద్దాం అన్నారు. ఒక్కో గిన్నెలో ఒక్కో కొబ్బరికాయ పెట్టి, ఇంటింటికీ వెళ్లాం. టీచరమ్మగారింట్లో కాఫీ, పక్క వాటాలో జంతికలు, పై అంతస్తులో సరంగు తాతగారు పళ్లు పెట్టుకుని మరీ చెప్పిన ఓడ కథలు. టీచరమ్మగారు, మీ కోడలితో బేరం గెలవలేం గానీ అమ్మిన గిన్నెని మళ్లీ వచ్చి తోమి వెళ్లే అమ్మాయిని నేనెక్కడా చూడలేదండి అన్నారు. క్రేన్ ఆపరేటరు గారి భార్య, తనకి జ్వరమొస్తే చంటిదానికి మూడు రోజులు స్నానం పోసింది నేనేనని చెప్పింది. (గిన్నె చూసుకోవడానికి వెళ్లి ఇరుక్కుపోయాను, అంతే.) అత్తయ్యగారు ప్రతి ఇంట్లోనూ గిన్నె ఎక్కడ పెట్టుకున్నారో అడిగి చూశారు. టీచరమ్మగారి రాతబల్ల మీద, పక్క వాటావాళ్ల కిటికీ గట్టు మీద, తాతగారి మంచం పక్కన స్టూలు మీద. మెట్లు దిగుతూ నేను, ఇంటికెళ్తే షోకేసు బోసిగా ఉంటుందండి అన్నాను దిగులుగా. ఆవిడ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతూ, "ఊరుకోవే, వచ్చి ఒక పూట కాలేదు, నాకు ఇంతమంది చేత కాఫీలు ఇప్పించావు," అన్నారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక, చేతిసంచిలోంచి తిరుగు ప్రయాణం టిక్కెట్టు తీసి మా ఆయన చేతికిచ్చారు. బుధవారంది. ఇది వెనక్కిచ్చేసి రారా, రేపు ఆఫీసుకి వెళ్తూ ఇచ్చేయ్ అన్నారు. మరెప్పటికి తీసుకోమంటావని ఆయన అడిగితే, తొందరేముంది, చూద్దాంలే అని, పక్కకి తిరిగి నాతో, సొట్ట పడిన ఆ పన్నీరుబుడ్డి ఎంతకి కొన్నావు, సొట్టకి ఎంత తగ్గించారు అని మొదలుపెట్టారు. నాలుగు రోజులకని వచ్చిన మనిషి నెలన్నర ఉన్నారు. ఆ నెలన్నరలో మేమిద్దరం కలిసి సింగపూర్ బాబాయి దగ్గరికి వెళ్లిన రోజు గురించి ఆయన చాలా ఏళ్లు అందరికీ చెప్పుకుని బాధపడ్డాడు.

అత్తయ్యగారి అప్పటి వయసు నేను దాటేసి చాలాకాలమైంది. మేమిప్పుడు పెందుర్తిలో ఉంటున్నాం. మా ఇంట్లో గిన్నెలకి లోటు లేదు. తాళంచెవులు, మాత్రల అట్టలు, ఎవరిదో తెలియని ఒక చెవిదుద్దు, అన్నిట్లోనూ ఏదో ఒకటి పడి ఉంటుంది, వరస మాత్రం ఉండదు. ఎప్పుడైనా పొద్దున్నే ముందుగదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ ఆదివారం నాటి పిల్ల కళ్ల ముందుకొస్తుంది. ముగ్గు పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, రిక్షా గంట కోసం చెవులు రిక్కించి గుమ్మంలో నిలబడి ఉంటుంది. దగ్గరికి వెళ్లి, ఇంత హైరానా ఎందుకే, ఆ రిక్షాలో వస్తున్నది నీ మనిషే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మే రకం కాదు లెండి ఆ పిల్ల. అందులో సగమే నిజమని పట్టుబట్టి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టేది.